బండి యెక్కువారిని అడుగరా?

మన యిండ్లలో పెద్దలకు గౌరవము కొఱవడలేదని మనము చెప్పుకొనుచుందుము. పండుగనాడు వారి పాదములకు మ్రొక్కుదుము. ఆ పాదములలో నొకటి మధుమేహముచేతనో, దారిలో జరిగిన ప్రమాదముచేతనో పోయినచో, వారు వీధి మొగము చూచుటయు దానితోనే పోయినదని తీర్మానింతుము. “ఈ వయసులో బయట తిరుగుటెందుకు? కావలసినవి తెచ్చి యిచ్చుచునే యున్నాము గదా!” అనుట ప్రేమగా చెలామణి యగుచున్నది. తన పింఛను తాను తెచ్చుకొనవలెనని, గుడిముంగిట నలుగురితో కూర్చుండవలెనని ముదుసలికి నుండు కోరికను ఈ ప్రేమ యెన్నడును విచారింపదు.

బ్యాటరీతో నడచు మూడుచక్రముల బండ్లు వచ్చియున్నవి. కొనగలవారు కొనుచున్నారు. కాని యెట్లు? కొడుకు ఫోనులో బొమ్మ చూచును, అల్లుడు బేరమాడును, బండి వాకిటికి వచ్చిన పిమ్మట తాతగారిని దానిపై కూర్చుండబెట్టుదురు. చెప్పులు కొనునపుడైనను తొడిగి చూతుము గదా! ఈ యాచారమునే మేము ఖండించుచున్నాము.

చేతితో త్రిప్పు బండి చాలదా యని కొందరు పెద్దమనుష్యు లడుగుదురు. చాలదు. కాలు పోయినవారు మంచము దిగినను, చంకకఱ్ఱలపై నిలిచినను భారమంతయు భుజములపైననే పడును. డెబ్బదియేండ్ల భుజములను వీధి యెగుడులపై గూడ అరగదీసినచో, ఇంటిలోపల నాలుగడుగులు వేయుటయు దుర్లభమగును.

దుకాణమున మొదట చూపునది వేగము. మొదట చూడవలసినది ఆసనము. అది వారు నిత్యము కూర్చుండు మంచమంత యెత్తున నున్నచో ఒరుల సాయము లేకయే జరిగి కూర్చుండగలరు. మిగిలిన కాలు ఏవైపున నున్నదో ఆ వైపున చేతిదన్ను పైకి లేవవలెను. ఎక్కునపుడు బండి అంగుళమైనను కదలరాదు. కావున నిలుపుబ్రేకు కూర్చుండువారి చేతికే యందవలెను. చేయి పోయినవారికైనచో వేగపు పిడియు బ్రేకును మిగిలిన చేతివైపునకే మార్పింపవలెను. ఇది చేసి యియ్యమను దుకాణమును విడిచి వేరొక దుకాణమునకు పోవుటయే మేలు.

పాదపీఠమును ఎవరును చూడరు. మధుమేహముచే కాలు పోయినవారిలో పలువురకు మిగిలిన పాదమునగూడ స్పర్శ తగ్గియుండును. ఆ పాదము పీఠమునుండి జారి నేలకు రాచుకొనినను వారికి తెలియదు. పుండు పడిన పిమ్మట ఇంటివారు కనుగొందురు. రెండవ కాలును ఇట్లే పోగొట్టుకొనవచ్చును. కావున పీఠమునకు అంచుకట్టయు, మడమవెనుక పట్టీయు నుండవలెను. చీరకట్టు అమ్మమ్మలకు చక్రములపై కప్పు లేని బండి ప్రాణాపాయకరము. స్త్రీలు ఎక్కుదురను తలంపే లేక చేసిన బండ్లు మనకు కొదువ లేవు!

మూడుచక్రములున్నవి గాన పడదనుకొనుట భ్రమ. ముందొక చక్రముగల బండి వడిగా మలుపు తిరుగుచు బ్రేకు వేసినచో ప్రక్కకు ఒరగజూచును. ఒకకాలు లేనివారి బరువు రెండవవైపునకు మొగ్గియుండును గాన, ఎడమకును కుడికిని వేర్వేరుగ త్రిప్పించి చూడక రూకలు చెల్లింపరాదు. కేంద్ర మోటారువాహన నియమముల ప్రకారము, శక్తి 250 వాట్లకు, వేగము గంటకు 25 కిలోమీటర్లకు లోబడి, పరీక్షాసంస్థ యామోదము పొందిన బ్యాటరీబండికి లైసెన్సు అక్కరలేదు. ముదుసలికి అందులో సగము వేగమే చాలును. అంతకు మించకుండ బిగింపించుట మంచిది.

ఇంత చేసియు బండిని వీధిలో నిలిపి, ఇంటిమెట్లను అట్లే యుంచువారున్నారు. మెట్ల యెత్తు అడుగైనచో పండ్రెండడుగుల వాలు కట్టవలెను. చోటు చాలదందురు. అరుగును కొంత తగ్గింపుడు. గడపకు పసుపు పూయుట మానవలదు. తాతగారి బండి దాటునట్లు దానిని నేలకు సమముగ చెక్కించిన తరువాత పూయుడు.