కొలను గుమ్మంలో తీర్మానం

జాతిద్వేషం పామరుల అజ్ఞానమనీ, చదువూ కాలమూ కలిసి దాన్ని మెల్లగా మాన్పుతాయనీ బోధించే పెద్దమనుషులు ఆస్ట్రేలియాలోని మోరీ పట్టణపు ఈతకొలను చరిత్ర చదవాలి.

అక్కడ 1895లో తవ్విన ఆర్టీసియన్ బావి నుంచి వేడినీరు ఉబికింది. పాతాళజలం ఎవరి సొత్తు? అయినా ఆ నేల తొలిబిడ్డలైన ఆదివాసులను కొలనులోకి రానివ్వరాదని 1955లో మునిసిపల్ కౌన్సిల్ తీర్మానించింది. ఇది అజ్ఞానమా? కాదు. సభలో చేతులెత్తి ఆమోదించిన అధికారం!

దాన్ని కాలం మాన్పలేదు. 1965 ఫిబ్రవరిలో ఛార్లెస్ పెర్కిన్స్ నాయకత్వాన సిడ్నీ విశ్వవిద్యాలయ విద్యార్థులు బస్సులో వచ్చి, ఆదివాసి పిల్లలతో గుమ్మం ముందు నిలిచారు. మొదట పిల్లల్ని రానిచ్చారు. బస్సు ఊరు దాటగానే మళ్లీ నిషేధించారు. బస్సు వెనక్కి తిరిగింది. గుడ్లూ టమాటాలూ మీదపడ్డా విద్యార్థులు కదలలేదు. చివరకు దిగివచ్చింది కౌన్సిలే.

2013లో ఆ కొలనును జాతీయ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు. సంతోషమే. కాని వారసత్వం గోడలది కాదు, వెనక్కి తిరిగి వచ్చిన ఆ బస్సుది.

విద్యార్థులకు రాజకీయాలెందుకని అడుగుతారా? పిల్లల ఈతను నిషేధించిన తీర్మానం రాజకీయం కాదా? రాజకీయం రాసినదాన్ని రాజకీయమే చెరపాలి.