పచ్చికకు తెగులు: మందుకు ముందు అడుగవలసిన ప్రశ్న

వరి చేనిలో తెగులు కనబడినచో రైతు మడిలో దిగి, దుబ్బు విప్పి చూచును. పచ్చిక ఎండినచో మాత్రము చాలమంది దూరముననే నిలబడి మందు పిచికారి చేయింతురు. గడ్డికి రోగమేమిటను చులకన భావమే ఇందుకు కారణము. కాని నేడు లాను గడ్డియు అమ్మకపు పంటయే. కడియము నర్సరీలలో మొక్కలతోపాటు ఇదియు అమ్ముడగుచున్నది. మచ్చలు పడిన గడ్డిని ఎవరు కొందురు? పాఠశాల ఆవరణలోనో, పంచాయతీ కార్యాలయము ముందో వేసిన పచ్చిక చచ్చినచో పోవునది ప్రజల సొమ్ము.

తెగులు పుట్టుటకు మూడు కలిసి రావలెను: శిలీంధ్రము, దానికి లొంగు గడ్డి, దానికి అనువైన తేమ, వాతావరణము. శిలీంధ్రము నేలలోను, ఎండుటాకులలోను దాగియే యుండును. పెరిగిన గడ్డిని మార్చుట సులభము కాదు. ఇక మన చేతిలో ఎక్కువగా ఉన్నది తేమ, ఎరువు. కావున తెగులును చాలవరకు మన నీళ్లతోను, యూరియాతోను మనమే పెంచుచున్నామని నా అభిప్రాయము.

అట్లని యూరియా మానివేసిన అన్ని తెగుళ్లును పోవునని కాదు. రెండు తెగుళ్లను పోల్చి చూడుడు. మొదటిది పెద్ద మచ్చ తెగులు. వరిలో పాముపొడ కలిగించు రైజోక్టోనియా సొలాని జాతి శిలీంధ్రమే దీనికిని మూలము. తెగలు మాత్రము వేరు. మచ్చ గుండ్రముగా అడుగుల కొలది వ్యాపించును. అంచున గడ్డి పసుపు, నారింజ వన్నెకు తిరుగును. పరకను పట్టి లాగినచో మొదలు కుళ్లి సులువుగా ఊడివచ్చును. నత్రజని ఎక్కువై, తడి ఆరని చోట ఇది బలపడును.

రెండవది నాణెపు మచ్చ. పొట్టిగా కత్తిరించిన గడ్డిలో రూపాయి బిళ్లంత మచ్చలు వేరువేరుగా లేచి, తరువాత కలిసిపోవును. తెల్లవారి మంచులో సాలెగూడు వంటి తెల్లని బూజు కనబడును. ఇది నత్రజని చాలని గడ్డిపై హెచ్చు. అనగా ఒక తెగులుకు యూరియా తగ్గింపవలెను, రెండవదానికి కొద్దిగా వేయవలెను. ఏ తెగులో తెలియక చేసిన వైద్యము రోగమును పెంచును.

రెండింటికిని సమానమైన జాగ్రత్తలు కలవు. సాయంకాలము నీరు చల్లరాదు. ఆకు రాత్రియంతయు తడిగా నుండును. తెల్లవారుజామున పెట్టినచో ఎండకు త్వరగా ఆరును. రోజూ పైపైన తడుపుట కన్న, అవసరమైనపుడు వేళ్లకు అందునట్లు పెట్టుట మేలు. ఒకసారికి ఆకు ఎత్తులో మూడవ వంతుకు మించి కోయరాదు. కోత యంత్రపు అలుగు పదునుగా నుండవలెను. తడి గడ్డిని కోయరాదు. తెగులు పడిన భాగమును చివర కోసి, యంత్రమును కడుగవలెను. నీరు నిలుచు పల్లములు సరిచేయవలెను.

"మందు లేక సరుకు దక్కునా?" అని రైతు అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. మచ్చలు వేగముగా పాకుచున్నపుడు మందు కావలెను. కాని చచ్చిన ఆకు మందుతో పచ్చబడదు; మందు కాపాడునది మిగిలిన గడ్డినే. డబ్బాపై చీటీ చదివి, చెప్పిన మోతాదే వాడవలెను. ఒకే తరగతి మందును పదేపదే కొట్టినచో శిలీంధ్రము దానికి అలవాటుపడును.

మరియొక మాట. తెగులు పడిన మడిలోని గడ్డిని మట్టితో సహా చాపలుగా కోసి అమ్మరాదు. మట్టితోపాటు శిలీంధ్రమును కొనువాని ముంగిటికి చేరును. ఆ నష్టము వానిది. పోయిన పేరు మాత్రము మనది.

గ్రామ వ్యవసాయ సహాయకులకు నా మనవి: "ఏ మందు కొట్టవలె"నని రైతు వచ్చినపుడు, మందు పేరు వ్రాసి ఇచ్చుటకు ముందు "నీరు ఏ వేళ పెట్టుచున్నావు? యూరియా ఎప్పుడు వేసితివి?" అని అడుగుడు. పిదప అతనితో కలిసి వెళ్లి, ఒక పరకను లాగి చూడుడు.