అడుగులెవరివి? అరిసెలెవరికి?

బోర్లపడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు – పసిబిడ్డ సాధించే ఒక్కొక్క విజయానికి ఒక్కొక్క పిండివంటను కేటాయించిన ఘనత మన పెద్దలది. అయితే ఈ ఏర్పాటులో ఒక చమత్కారమున్నది. బోర్లపడిన బిడ్డకు నోట పన్నైనా ఉండదు. బొబ్బట్టు వాడు తినలేడు. శ్రమ వానిది, ఫలం ఇరుగుపొరుగులది. గోదావరి సీమలో నేతి బొబ్బట్టును కాదనే పొరుగువారు ఉండరు గనుక, ఏ ఇంటి బిడ్డ ఎప్పుడు బోర్లపడతాడా అని వీధివారందరూ ఎదురుచూడడం సహజమే.

పసిపిల్లల చేష్టలు ఎక్కడైనా ఇంచుమించు ఒక్కటే. వారి పెద్దల చేష్టలకు మాత్రం అంతు లేదు. భోగినాటి సాయంకాలం రాజమహేంద్రవరంలోగాని, అమలాపురంలోగాని పసివాడున్న ఏ ఇంటికైనా వెళ్ళి చూడండి. రేగుపళ్ళు, చెరకు ముక్కలు, పూలరేకలు, చిల్లర నాణేలు కలిపి పళ్ళెంలో సిద్ధంగా ఉంటాయి. కథానాయకుడు పట్టుపంచె చుట్టించుకొని పీటమీద ఆసీనుడై ఉంటాడు. మొదటి పేరంటాలు గుప్పెడు పళ్ళు తలమీద పోయగానే, తానేమి నేరం చేశానని ఈ రాళ్ళవాన అన్నట్లు వాడు ఇల్లెగిరిపోయేలా రోదన ప్రారంభిస్తాడు. తండ్రి సెల్‌ఫోను పట్టుకొని, "ఇటు చూడు నాన్నా, నవ్వు!" అంటూ వాని ఎదుట నాట్యమాడుతుంటాడు. మేనత్త వాని బుగ్గలో దాగిన రూపాయి బిళ్ళ కోసం వేలు పెట్టి వెతుకుతుంటుంది. ఇంత కోలాహలంలోను నిబ్బరంగా ఉన్నది పక్కింటి పసివాడొక్కడే. వాడు క్రింద రాలిన చెరకు ముక్కలు ఏరుకొని చీకుతుంటాడు.

ఇంతవరకు వినోదమే. పేరంటాండ్రు తాంబూలాలు పుచ్చుకొని కూర్చున్నాక అసలు సభ మొదలవుతుంది. "మావాడు పదో నెలకే నడిచాడండీ" అంటుంది ఒకామె. "మా అమ్మాయి తొమ్మిదిలోనే!" అంటుంది ఇంకొకామె. ఈ లెక్కన మూడవ ఆమె తన కుమారుని ప్రతిభను పుట్టకముందునుండి చెప్పుకోవాలి, చెప్పుకొంటుంది కూడాను – "కడుపులో ఉన్నప్పుడే తెగ తన్నేవాడండీ!" ఒక మూల 14 నెలల బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చున్న చిన్నది మాత్రం ఏమీ మాట్లాడదు. "మీవాడింకా నడవలేదా అమ్మా?" అని ఎవరో ఎంతో ఆప్యాయంగా అడుగుతారు. ఆ ఆప్యాయతకు ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టదు. మరునాటినుండి ఆ పసివానిని రెండు రెక్కలు పట్టుకొని వసారాలో కవాతు చేయిస్తారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు భారతదేశంతోసహా 5 దేశాల పిల్లలను పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించారు. ఆరోగ్యవంతులైన పిల్లలు ఆధారం లేకుండా నడక నేర్చే వయస్సు సుమారు 8 నెలలు మొదలు 17 నెలలు దాటేవరకు ఉండవచ్చునట. నూటికి సుమారు నలుగురు చేతులూ మోకాళ్ళూ ఆనించి ప్రాకడమనే తరగతిని చదవకుండానే పై తరగతికి పోయారట! 18 నెలలు నిండినా అడుగు వేయని బిడ్డను వైద్యునికి చూపవలసినదే. ఆ లోపల చేయించే కవాతు మాత్రం పేరంటాండ్ర తృప్తి కోసమే.

మన నానుడిలో నెలల ప్రసక్తే లేదు, గమనించారా? అడుగులు వేస్తే అరిసెలు అన్నారేగాని, పదో నెలలో వేస్తే అరిసెలు, పదిహేనో నెలలో వేస్తే అటుకులు అని ఎవరూ అనలేదు. బిడ్డ అడుగు వేసిననాడే బియ్యం నానబోసేవారు. ఆ మాట పుట్టించిన ముసలమ్మలు ఒకరో ఇద్దరో కాదు, ఇంటినిండా పిల్లలను పెంచినవారు.

ఇంతకూ మనం పిల్లలను పరిశీలిస్తున్నామా, వారే మనను పరిశీలిస్తున్నారా? ఈ ప్రశ్నకు గోదావరి తీరాన పుట్టిన ఇద్దరు చక్కని సమాధానమిచ్చారు. 1931లో ధవళేశ్వరంలో జన్మించిన ముళ్ళపూడి వెంకటరమణగారు బుడుగును మాట్లాడించారు. 1933లో నరసాపురంలో జన్మించిన బాపుగారు వాని బొమ్మ గీశారు. ఆ పుస్తకంలో ఎక్కువగా నవ్వులపాలయ్యేది బుడుగు కాదు, వాని చుట్టూ ఉన్న పెద్దలు. మాటలు రాని పసివాడు కూడా మనను అలాగే చూస్తుంటాడని నా అనుమానం. వ్రాసిపెట్టడానికి వానికి రమణగారి వంటి లేఖకుడు దొరకలేదు, అంతే.

దొరికితే వాడు చెప్పదగిన సంగతులకు కొదువ లేదు. ఇదివరకు చందమామను చూపించి పెట్టిన గోరుముద్దను ఇప్పుడు సెల్‌ఫోను చూపించి పెడుతున్నారు. తెరమీది బొమ్మ ఆగితే నోరు మూతపడుతుంది. అమెరికాలోని మనవడు కోనసీమలోని తాతగారితో మాట్లాడవలెనని ఫోను వాని చేతికిస్తారు. తాతగారు పదినిమిషాలపాటు అక్కడి ఇంటి కప్పును తిలకించి, "బాగా ఎదిగాడమ్మా!" అని సంతోషిస్తారు.

ఇక గడప దాటిన ఇంట గారెల పంపకం సాగుతుంటుంది. పెద్దలందరూ పళ్ళేలమీద దృష్టి నిలిపిన సమయంలో ఆ బిడ్డ రెండవసారి గడప దాటి వీధిలోకి పోతాడు. ఎవరూ చూడరు. కొంతసేపటికి పాలు పోసే ఆమె వానిని చంకనెత్తుకొని వచ్చి, "ఈ బుజ్జిబాబు మీవాడేనాండీ?" అని అడుగుతుంది. ఆమెకు కూడా నాలుగు గారెలు పొట్లం కట్టి ఇస్తారు.