పంటి బిగువున ఇంకెన్నాళ్లు?



"పంటినొప్పికి కూడా సెలవా?" ఈ మాట అనని సూపర్‌వైజరు బెంగుళూరులో ఉన్నాడా? జ్వరమొస్తే ఒళ్లు కాలుతుంది, వేలు తెగితే రక్తం కారుతుంది. పంటినొప్పి మాత్రం పక్కవాడికి కనబడదు. కనబడదు కనుక అది జబ్బు కాదని యాజమాన్యాలు తీర్మానించాయి. విచారమేమంటే మనలో చాలామంది ఆ తీర్మానానికి చేతులెత్తారు. పంటి బిగువున ఓర్చుకోవడం మన గొప్పతనమనుకుంటున్నాం.

పీణ్యా వైపు ఒక యూనిట్లో కుట్టు లైనులో పనిచేసే మన చెల్లెలి సంగతి వినండి. సోమవారం కింది దవడ పన్ను లాగడం మొదలైంది. మంగళవారం గేట్ పాస్ అడిగితే షిప్‌మెంట్ ఉంది, శనివారం చూద్దామన్నారు. మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు కొని, పరగడుపున మింగి, టార్గెట్ పూర్తి చేసింది. శుక్రవారానికి గడ్డం కింద వాచింది. నోరు తెరుచుకోలేదు, గుక్కెడు నీళ్లు దిగలేదు. ఆ రాత్రి ఆటోలో ఆసుపత్రికి చేర్చితే మెడ దగ్గర కోసి చీము తీశారు. పదకొండు రోజులు మంచం. పూటపాస్ ఇవ్వడానికి మనసు రాని యాజమాన్యం పదకొండు రోజులు ఆ మిషను మీద మనిషి లేక తన్నుకులాడింది. లాభనష్టాలు మాకు నేర్పవచ్చే బాబులు ఈ లెక్క ఎందుకు వేసుకోరు?

పంటి చీము ప్రాణం తీస్తుందా అని నవ్వేవారున్నారు. తీస్తుంది. కింది పళ్ల చీము నాలుక కిందికి, మెడలోకి దిగితే ఊపిరి దారి మూసుకుపోతుంది. వాపు కంటి వైపు పాకినా, మెడలోకి దిగినా, జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగుడు పడకపోయినా అది పంటి డాక్టరు కోసం రేపటిదాకా ఆగే కేసు కాదు. అర్ధరాత్రయినా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి పోవాలి. సూపర్‌వైజరు సంతకం కోసం నిలబడకండి.

నోటిని పనిముట్టుగా వాడుకోవడం మన పరిశ్రమకు కొత్త కాదు. మేము మిల్లులో చేరిన కాలంలో షటిల్ మగ్గాలుండేవి. కండె మార్చినప్పుడల్లా షటిల్ కన్నానికి నోరు పెట్టి దారం పీల్చి బయటికి లాగేవాళ్లం. ఒక షిఫ్టువాడి నోరు తగిలిన షటిల్‌కే రెండో షిఫ్టువాడి నోరు. దుమ్ము గొంతులోకి, దెబ్బ ముందు పళ్లకు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం ఇలా పీల్చే షటిళ్లను 1911లోనే చట్టం చేసి నిషేధించింది. అది మాకు మిల్లు వదిలాక తెలిసింది! మా మిల్లులో షటిల్ మార్చడం ఖర్చు, నోరు ఉచితం. ఆ మిల్లు గేటుకు తాళం పడి చాలాకాలమైంది. నోటితో పని మాత్రం ఆగలేదు. ఇప్పుడు కుట్టు లైన్లలో దారం పళ్లతో కొరుకుతున్నారు. ట్రిమ్మర్ ఇవ్వరు, ఇస్తే నలుగురికి ఒకటి. ఏళ్ల తరబడి కొరికితే ముందు పళ్ల అంచు గాడి పడుతుంది, పెచ్చులూడుతుంది. బాత్‌రూముకు పంపరని నీళ్లు తాగడం మానేసిన అక్కచెల్లెళ్లకు నోరెండిపోతుంది. ఉమ్మి పళ్లకు కాపలా. కాపలా లేని చోట పుచ్చు తొందరగా చేరుతుంది.

ఇక ఇ.ఎస్.ఐ. మాట. 14,000 జీతమున్న మనిషి దగ్గర నెలకు 105 రూపాయలు కోస్తున్నారు, యాజమాన్యం 455 కడుతుంది. మన డబ్బుతో నడిచే ఆసుపత్రులవి. రాజాజీనగర్ ఇ.ఎస్.ఐ.లో పళ్ల విభాగం ఉంది, పనిలో చేరిన మొదటి రోజు నుంచే వైద్యం హక్కు. కానీ సెలవు జీతం దగ్గర మెలిక ఉంది. జబ్బు సెలవుకు 70 శాతం వస్తుందంటారు. మొదటి రెండు రోజులకు రాదు, పదిహేను రోజుల్లోపు మళ్లీ జబ్బుపడితే తప్ప. పన్ను పీకించుకోవడానికి పట్టేది ఒక రోజు. అంటే పంటి రోగి చేతికి పైసా రాదు. నొప్పి ముదిరి వారం పడుకుంటేనే సొమ్ము! ముదరబెట్టుకున్నవాడికే లాభం చూపే ఈ పద్ధతిని మేము ఖండిస్తున్నాం.

షిఫ్టులో దెబ్బ తగిలి పన్ను రాలితే ఏం చేయాలో మన ఫస్ట్ ఎయిడ్ వాళ్లకే తెలియదు. ఊడిన పన్నును వేరు వైపు ముట్టుకోకండి, తెల్లని తల వైపు పట్టుకోండి. మట్టి అంటితే పాలతోనో మంచినీళ్లతోనో క్షణం సేపు కడగండి, రుద్దకండి. మనిషి తెలివిలో ఉంటే ఆ గుంటలోనే తిరిగి పెట్టి, శుభ్రమైన గుడ్డ మీద కరిచి పట్టమనండి. అది కుదరకపోతే క్యాంటీన్ నుంచి చల్లని పాలు తెచ్చి అందులో వేయండి. నీళ్లలో నానబెట్టకండి, కాగితంలో చుట్టకండి. అరగంటలో, ఆలస్యమైనా గంటలోపు డాక్టరు చేతికి చేరితే పన్ను బతికే అవకాశముంది. పిల్లల పాలపళ్లు మాత్రం తిరిగి పెట్టకూడదు. దెబ్బ తిన్నవాడు ఆసుపత్రికి పోతాడు, పక్క మిషను వాళ్లు నిలబడి ప్రమాదాల పుస్తకంలో రాయించాలి. రాయించకపోతే రేపు "ఇంట్లో జారిపడ్డాడు" అంటారు. అది ఉద్యోగ గాయం, దాని లెక్క వేరు.

మన తప్పులూ చెప్పుకోవాలి, యూనియన్ కనుక మొహమాటపడం. పుచ్చులో పొగాకు కుక్కడం, చిగురుకు నొప్పి బిళ్ల అదమడం, వాపుకు వేడి కాపడం పెట్టడం మానుకోండి. బిళ్ల చిగురును కాలుస్తుంది. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించి, ఇరుక్కున్న మెతుకు తీసి, ఏదైనా తిన్నాక పారాసిటమాల్ వేసుకుంటే ఆ పూట గడుస్తుంది. రోగం పోదు. యాంటీబయాటిక్ రెండు రోజులు మింగి తగ్గిందని ఊరుకుంటే చీము పన్ను కిందే కూర్చుంటుంది. పీకించుకున్నాక రక్తం కారితే శుభ్రమైన దూదిగుడ్డ అరగంట గట్టిగా కరిచి పట్టండి, మాటిమాటికీ ఉమ్మకండి. పొగాకు కలిపిన గుట్కాను కర్ణాటక 2013లో నిషేధించింది. ఇప్పుడు పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లం. కలిపేది మన అరచేయే! పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నట్టుంది. నోట్లో తెల్లమచ్చో పుండో రెండు మూడు వారాలైనా మానకపోతే చూపించుకోండి. విక్టోరియా ఆసుపత్రి ఆవరణలోని ప్రభుత్వ దంత కళాశాల ఉంది, కిద్వాయి ఉంది. ఖర్చుకు భయపడి ఫుట్‌పాత్ మీద పన్ను పీకించుకోవాల్సిన గతి ఈ ఊళ్లో లేదు.

అయితే పళ్లు తోముకోండి అని చెప్పి చేతులు దులుపుకునే యూనియన్ కాదు మనది. తోముకునే మనిషికి గేటు తెరవాలి. పంటి నొప్పికి, వాపుకు జీతం కోత లేని పూటపాస్. పన్ను తీయించుకున్న రోజుకు జీతంతో సెలవు. ప్రతి మిషనుకు ట్రిమ్మర్, నీళ్లకూ బాత్‌రూముకూ అడ్డులేని అనుమతి. 150 మందికి ఒక ఫస్ట్ ఎయిడ్ పెట్టె అని 1948 ఫ్యాక్టరీల చట్టం రాసింది. 2025 నవంబరులో దాని స్థానంలో కోడ్ వచ్చినా పెట్టె బాధ్యత యాజమాన్యం మీద నుంచి దిగలేదు. తాళం వేసి తాళంచెవి మేనేజరు జేబులో పెట్టుకున్న పెట్టెను మేము పెట్టెగా లెక్కించం.

పంటి కోసం ఎవరు కదులుతారు అంటున్నారు కొందరు పెద్దమనుషులు. 2016 ఏప్రిల్‌లో ప్రావిడెంట్ ఫండ్ కోసం ఈ ఊరి గార్మెంట్ అక్కచెల్లెళ్లు వేల సంఖ్యలో రోడ్డెక్కుతారని కూడా ఎవరూ అనుకోలేదు. రెండు రోజుల్లో కేంద్రం నిబంధన వెనక్కి తీసుకుంది.

డిమాండ్ల పత్రం మీద గేటు మీటింగులో సంతకాలు తీసుకుంటాం. వచ్చేటప్పుడు ఇ.ఎస్.ఐ. కార్డు తెచ్చుకోండి. పన్ను నొప్పి ఉన్నవారు ముందు వరుసలో నిలబడండి, మీటింగు అయ్యాక మన కమిటీ వాళ్లు వెంట వచ్చి రాజాజీనగర్‌లో చీటీ రాయిస్తారు.