ఎవరి కోసం ఈ వెసులుబాటు?

"ఇంట్లో కూర్చునే జీతం తెచ్చుకుంటున్నావు, ఇంకేం కావాలి?" కీసరలో ఒక అత్తగారు కోడలితో నా ముందే అన్నమాట ఇది. కోడలి ఉద్యోగం ఉప్పల్‌లో, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో. పాప పుట్టాక రెండేళ్లుగా ఇంటినుంచే పని. ఆమె తరవాత చేరిన కుర్రాడు ఇప్పుడు ఆమెకు పైఅధికారి. పనిలో లోపం లేదట, మనిషి "కనబడటం లేద"ట!

కనబడటమంటే ఏమిటి? క్యాంటీన్‌లో టీ తాగుతూ కొత్త ప్రాజెక్టు సంగతి ముందే వినటం. మేనేజరుతో మెట్లమీద రెండు మాటలు కలపటం. ప్రమోషన్లు సగం అక్కడే తేలిపోతాయి. ఆ చోటంతా మగవాళ్లకు వదిలేసి, మనకు వంటింటి పక్కన లాప్‌టాప్ పెట్టి, దీన్ని సౌకర్యమంటున్నారు.

నాచారంలో పీసు లెక్కన ఇంటిదగ్గర బట్టలు కుట్టే ఆడవాళ్లకు ఇది పాత సంగతే. యజమాని ముఖం తెలీదు, పక్క వీధి ఆమెకు ఎంత రేటిస్తున్నారో తెలీదు. ఇక బేరమెలా ఆడతారు?

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినపుడు రెండూ రాశారు. యజమాని ఒప్పుకుంటే ఇంటినుంచి పని. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం, రోజుకు నాలుగుసార్లు తల్లి వెళ్లి బిడ్డను చూసుకునే హక్కు. మొదటిది దయ, రెండోది బాధ్యత. దయ చూపించి బాధ్యత ఎగ్గొడుతున్నారు.

ఇంటినుంచి పని వద్దనటం లేదు (ఉప్పల్ చౌరస్తా ట్రాఫిక్‌లో నేనూ నలిగినదాన్నే). మగవాళ్లూ అన్ని రోజులే ఇంట్లో ఉండాలి. ఆఫీసుకు వెళ్లే రోజున బిడ్డకూ అక్కడ చోటుండాలి. ఆ కంపెనీలో శిశు సంరక్షణ కేంద్రం ఎక్కడని అడిగాను. "ఎవరూ అడగలేదండీ" అన్నారు. అడగవలసినవాళ్లంతా ఇళ్లలో ఉన్నారు.