తాగేది కారు కాదు

"మా బండి పెట్రోలు తాగుతుందండీ" అని మగవాళ్లు అనగా మీరు వినే ఉంటారు. స్కూటరైనా అదే మాట, అంబాసిడరైనా అదే మాట, అమెరికాలో ఎనిమిది సిలిండర్ల కారైనా అదే మాట. అదేదో బండికి పుట్టుకతో వచ్చిన దురలవాటైనట్టూ, పాపం తాము దాన్ని భరిస్తున్నట్టూ చెబుతారు. మరి వంటగ్యాసు సంగతేమిటి? "మా స్టవ్వు గ్యాసు తాగుతుందండీ" అని ఏ మగవాడైనా అనగా విన్నారా? అనడు. "పోయినసారి బండ నలభై రోజులొచ్చిందే, ఈసారి ముప్ఫై రెండుకే ఎందుకయిపోయింది?" అని అడుగుతాడు. అడిగేది స్టవ్వుని కాదు, మనల్ని!

స్టవ్వు దగ్గర తప్పు చేతిదీ, కారు దగ్గర తప్పు కారుదీనా? ఈ న్యాయం నాకు మింగుడుపడదు. ముప్ఫై ఏళ్లు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పినదాన్ని. ఊరికే దెబ్బలాడను. లెక్కతో సహా దెబ్బలాడతాను.

మా అబ్బాయి డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాడు. అక్కడ మనవాళ్లు ఎంతమందంటే, కొత్తిమీర కట్ట కొనుక్కుని బయటికొచ్చేలోగా ముగ్గురు "బాగున్నారా ఆంటీ" అంటారు. ఆరు నెలలు వాడింట్లో ఉండి వచ్చాను. వాడికొక కారుంది, డాడ్జ్ ఛాలెంజర్. అక్కడ ఇలాంటివాటిని మజిల్ కార్లంటారు. అంటే కండల కార్లన్నమాట. మధ్యరకం బండిలో పెద్ద బండి ఇంజను దింపితే ఎలా ఉంటుందో చూద్దామని 1964లో పాంటియాక్ కంపెనీ జీటీవో అనే కారు చేసింది. ఈ జాతికి అదే మూలపురుషుడని చాలామంది చెబుతారు. ఛాలెంజర్ తయారీ 2023 చివర్లో ఆగిపోయింది. ఆగేలోపలే మావాడు ఒకటి కొని ఇంటి ముందు కట్టేశాడు. 5.7 లీటర్ల ఇంజను. బరువు దాదాపు 1,900 కిలోలు. తలుపులు మాత్రం రెండే! వెనక సీట్లోకి ఎక్కాలంటే నా వయసువాళ్లు ఒక యోగాసనమైనా నేర్చుకుని ఉండాలి.

వాడి సరదా వాడిది. నాకేం అభ్యంతరం లేదు. చిక్కంతా నెలాఖరు లెక్కల దగ్గర వచ్చింది. ఒక శనివారం మావాడు కంప్యూటర్లో గళ్లు గీసుకుని ఖర్చులు తగ్గించే పని పెట్టుకున్నాడు. ఇంటి అప్పు తగ్గదు. ఇన్సూరెన్సు తగ్గదు. పెట్రోలు గడి దగ్గరికొచ్చి, "ఇది వీ-ఎయిట్, తాగుతుంది, ఏం చెయ్యలేం" అని దాటేశాడు. దాటేసి ఎక్కడ ఆగాడో తెలుసా? మా కోడలి వీణ క్లాసు దగ్గర. నెలకి 80 డాలర్లు. ఆఫీసూ వంటా పిల్లల బడీ అన్నీ అయ్యాక, వారానికి ఒక గంట ఆ పిల్ల తనకోసం తాను ఉంచుకున్నది అదొక్కటే. "కొన్నాళ్లు ఆపుదామా?" అన్నాడు, ఎంతో మెత్తగా. ఆ పిల్ల ఏమీ అనలేదు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

"ఆ పెట్రోలు గడి మళ్లీ ఒకసారి చూపించరా" అన్నాను.

"అమ్మా, అది ఇంజను సంగతి. నీకు తెలీదులే" అన్నాడు.

ఫిజిక్సు చెప్పిన జీతంతో పెంచిన తల్లితో, నీకు తెలీదులే!

సరే, తెలుసుకున్నాను. అక్కడ కొత్త కారు అమ్మేటప్పుడు అద్దానికి ఒక కాగితం అంటిస్తారు. గ్యాలనుకి ఎన్ని మైళ్లు వస్తుందో ప్రభుత్వం వారి పరీక్షల ప్రకారం అందులో ఉండాలి. ఆటోమేటిక్ గేర్ల ఛాలెంజర్‌కి ఊళ్లో 16, హైవే మీద 25. మన లెక్కలో లీటరుకి సుమారు 6.8 కిలోమీటర్లూ, 10.6 కిలోమీటర్లూ. చూశారూ, బండి అదే, ఇంజను అదే, నడిచే తీరుని బట్టి ఇంత తేడా. మరి తాగేది బండే అయితే ఒకచోట తక్కువా ఒకచోట ఎక్కువా ఎందుకు తాగాలి? దూకుడుగా నడిపితే హైవే మీద నూటికి 15 నుంచి 30 వంతులూ, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో 10 నుంచి 40 వంతులూ మైలేజీ పడిపోతుందని అమెరికా ప్రభుత్వం వారే చెబుతున్నారు. నేను చెప్పడం కాదు.

ఆ పెట్రోలు ఎటు పోతుందో మన వంటింటి భాషలో చెబుతాను. గిన్నెడు నీళ్లు పెద్ద మంట మీద పెట్టి తెర్లబెట్టి, తెర్లగానే దించి తూములో పారబోసి, మళ్లీ చన్నీళ్లు పట్టి పొయ్యి మీద పెడితే మనల్ని ఏమంటారు? మావాడు సిగ్నలు సిగ్నలుకీ చేసేది అదే. పచ్చదీపం పడగానే పెడలు నేలకి తొక్కుతాడు. బండి పులిలా గర్జించి లేస్తుంది. రెండు ఫర్లాంగుల అవతల ఎర్రదీపం కళ్లకి కనిపిస్తూనే ఉంటుంది. అయినా దాని ముక్కు దాకా వెళ్లి బ్రేకు మీద నిలబడతాడు. అంత బరువుని గంటకి 60 మైళ్ల వేగానికి తేవడానికి పట్టే శక్తిని లెక్క కట్టాను. పెట్రోలులోని వేడిలో ఇంజను పనికి మార్చగలిగేది నాలుగోవంతు అనుకుంటే, సుమారు 80 మిల్లీలీటర్ల పెట్రోలు. చిన్న కాఫీ గ్లాసుడు. బ్రేకు వేసిన మరుక్షణం ఆ గ్లాసు బ్రేకు డిస్కుల వేడి కింద గాలిలో కలిసిపోయింది. దాని వల్ల ఎవరూ ఎక్కడికీ ముందు చేరలేదు. అదే ఎర్రదీపం దగ్గర పక్కన ముసలాయన కారు కూడా మెల్లిగా వచ్చి నిలబడింది.

హైవే మీద కథ వేరు. అక్కడ శత్రువు బ్రేకు కాదు, గాలి. వేగం పెరిగితే గాలి అడ్డం వేగానికి సరిసమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 65 మైళ్ల దగ్గర ఉన్న అడ్డం 80 దగ్గర ఒకటిన్నర రెట్లవుతుంది. సరే, ఆ ఖర్చుతో కొన్నదేమిటి? మావాడి దారిలో హైవే ముక్క 12 మైళ్లు. 65లో వెళితే 11 నిమిషాలు. 80లో వెళితే 9. మిగిలింది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ ఆఫీసులో కాఫీ మెషీను ముందు నిలబడడానికి సరిపోతాయి.

ఈ బండిలో ఇంకో విచిత్రముంది. ఇంజను తయారుచేసినవాళ్లు తెలివిగలవాళ్లు. కాలు తేలిగ్గా పెట్టి ఒకే వేగంలో వెళుతుంటే ఎనిమిది సిలిండర్లలో నాలుగు వాటంతటవే విశ్రాంతి తీసుకుంటాయి. ఎనిమిది పొయ్యిల పెళ్లివంటశాలలో పదిమందికే వండాలంటే నాలుగు పొయ్యిలు ఆర్పేసినట్టన్నమాట. పెడలు గట్టిగా తొక్కారా, ఎనిమిదీ మళ్లీ భగ్గుమంటాయి. మావాడి కారులో ఆ నాలుగింటికీ కునుకు పట్టిన రోజు లేదు.

పొద్దున్నే చప్పుడు వినడానికి పది నిమిషాలు ఇంజను ఆన్ చేసి నిలబడడం మరొకటి. "వేడెక్కాలమ్మా" అంటాడు. ఇప్పటి ఇంజన్లకి అర నిమిషం చాలు, తర్వాత నెమ్మదిగా నడుపుతుంటే అదే వేడెక్కుతుంది. పెద్ద ఇంజను ఊరికే తిరిగితే గంటకి అర గ్యాలను దాకా కాలుస్తుంది. ఆ పది నిమిషాల సంగీతం ఖరీదు పావు లీటరు పైమాటే కావచ్చు. వీణ కంటే చవకేం కాదు!

ఇదంతా చెబితే వాడు నవ్వేసి ఊరుకునేవాడే. కానీ నేను అడిగానని ఒక సోమవారం ట్రిప్ మీటరు సున్నా చేసి, మళ్లీ శుక్రవారం చూపించాడు. 200 మైళ్లకి సగటు 14 వచ్చింది. ఆ ఆదివారమే క్రికెట్ ఆడబోయి కుడికాలు మడత పెట్టుకున్నాడు. డాక్టరు వారం రోజులు కారు నడపొద్దన్నాడు. ఇద్దరి ఆఫీసులూ ఒకే దారిలో. కోడలు తన చిన్న కారుని ఇంట్లో వదిలి ఛాలెంజర్ నడిపింది, మావాడు పక్కన కూర్చున్నాడు. అదే రోడ్డు, అదే వేళ, అదే ఏసీ, అవే టైర్లు. పైగా బండిలో ఒక మనిషి బరువు ఎక్కువ. ప్రయోగశాలలో కూడా ఇంత చక్కగా కుదరదు.

రెండు రోజులు నేనూ ఆసనం వేసి వెనక ఎక్కాను. ఆ పిల్ల పిరికిగా నడుపుతుందని మీరనుకుంటే పొరపాటు. హైవేలోకి చేరేచోట అవసరమైనంత తొక్కి, వాళ్ల వేగంతో కలిసిపోయింది. అక్కడ నత్తలా వెళ్లడం ప్రమాదం కూడానూ. కానీ దూరాన ఎర్రదీపం కనిపించగానే కాలు తీసేసేది. కాలు తీస్తే, గేరులో ఉన్న బండికి పెట్రోలు పోయడం ఇంజనే మానేస్తుంది. చక్రాలే ఇంజనుని తిప్పుతాయి. మెల్లిగా దీపం దగ్గరికి చేరేసరికి అది పచ్చబడేది, బండి ఆగకుండానే సాగిపోయేది. ("మా ఆయన విశాఖపట్నంలో దిగుడు రోడ్డు కనబడితే స్కూటరు ఇంజనే కట్టేసేవారు" అని మీరెవరైనా అనబోతున్నారేమో. మా ఆయనా కట్టేసేవారు. కారు విషయంలో దయచేసి ఆ పని చెయ్యకండి, ఇంజను ఆగితే బ్రేకు పెడలు గట్టిపడుతుంది, స్టీరింగు తిప్పడం కష్టమవుతుంది.) మావాడు పక్కన కూర్చుని, "తొక్కవేం? తొక్కవేం?" అంటూనే ఉన్నాడు. ఆ పిల్ల మాట్లాడలేదు. శుక్రవారం సాయంత్రం మీటరు మాట్లాడింది. 20.

నెలకి వెయ్యి మైళ్లు తిరుగుతాడు. 14 చొప్పున 71 గ్యాలన్లు, 20 చొప్పున 50. తేడా 21 గ్యాలన్లు. గ్యాలను మూడు డాలర్లనుకున్నా 63 డాలర్లు. వీణ క్లాసులో ముప్పావు వంతు ఆ కుడికాలి కిందే ఉంది.

దీనికి మావాడి జవాబు వినండి. "అలా నడపడానికైతే ఈ కారెందుకు కొనడం?" ఇది పసలేని ప్రశ్న కాదు. చాలామంది మగవాళ్ల మనసులో మాట ఇదే. కానీ కోడి రామమూర్తి గారు కార్లని కట్టి ఆపగలిగిన బలశాలి. ఆయన కాఫీ గ్లాసు ఎత్తేటప్పుడు కూడా అంత బలమూ వాడి ఉంటే ఇంట్లో ఒక్క గ్లాసు మిగిలేదా? బలమనేది కావలసినచోట ఉండడానికి. సిగ్నలు నుంచి సిగ్నలుకి ఒలకబొయ్యడానికి కాదు. సరదా పడితే ఆదివారం ఎక్కడైనా రేసు ట్రాక్ మీదకి తీసుకెళ్లి సరదా తీర్చుకోమనండి, ఆ ఖర్చు 'సరదా' అనే గడిలో రాయమనండి. పెట్రోలు గడిలో దాచి, 'తాగుతుంది' అని పేరు పెట్టొద్దు.

నేనేదో ఆడవాళ్ల పక్షం వహిస్తున్నానని, ఈ పేజీని పెళ్లాం భుజం మీంచి చదివే మగవాళ్లు గొణుక్కోవచ్చు. ఆడవాళ్లంతా మెత్తగా నడుపుతారని నేననలేదు. మా చిన్నాడపడుచు స్కూటీ ఎక్కితే వీధి కుక్కలు కూడా గట్టెక్కి నిలబడతాయి. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. కాలు ఎంత మెత్తనైనా ఆ 5.7 లీటర్ల ఇంజను మారుతీ కారు కాదు. కొనేటప్పుడే కొంత ఖర్చు కొనుక్కున్నట్టే. నేను అడుగుతున్నది ఆ మిగతా ఆరు మైళ్ల సంగతి.

ఇది ఒక్క ఇంటి గొడవా కాదు. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేసినప్పుడు అమెరికాలో పెట్రోలు బంకుల ముందు బారులు తీరారు. అప్పుడక్కడి ప్రభుత్వం ఏం చేసింది? 1974లో దేశమంతటా 55 మైళ్లు మించి వెళ్లకూడదని చట్టం చేసింది. అంటే కాలికి చట్టం చేసిందన్నమాట! 1974 మోడలు మస్టాంగ్‌లో అసలు ఎనిమిది సిలిండర్ల ఇంజనే పెట్టలేదు, మరుసటేడు గానీ మళ్లీ రాలేదు. ఆ చట్టాన్ని 1987లో కొంత సడలించి, 1995లో పూర్తిగా ఎత్తేశారు. చట్టం పోయిందిగానీ గాలి అడ్డం పోలేదు.

వీణ క్లాసు ఆగలేదు. "ఆపుదామా" అన్నదానికి కోడలు ఆ సోమవారం పొద్దున్నే మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టి వచ్చి జవాబు చెప్పింది. మావాడు నోరెత్తలేదు. పెట్రోలు గడి పక్కన ఇప్పుడు ఇంకో గడి ఉంది, వారం వారం ఎవరు నడిపితే ఎంతొచ్చిందో అందులో రాస్తున్నారు. నేను తిరిగొచ్చేశాక కూడా రాస్తున్నారట. పోయిన ఆదివారం ఫోను చేసి, "అమ్మా, ఈవారం 17 వచ్చింది" అన్నాడు, ఫస్టు క్లాసొచ్చినంత సంబరంగా.

"మిగతా మూడూ?" అన్నాను.

"ఎండలమ్మా! ఏసీ తాగేస్తోంది" అన్నాడు.