బోను కడిగితే సరిపోతుందా?

పొద్దున్నే బోను కడుగుతున్నాం, వేళకు మేత వేస్తున్నాం, సీసాలో నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉంటాయి, జబ్బు చేస్తే చూసే డాక్టరు పక్క గదిలోనే ఉంటాడు, ఇంకా చెవులపిల్లికి ఏం తక్కువైంది? ప్రయోగశాల కుందేళ్ల బాగోగుల ప్రస్తావన వస్తే కాలేజీల్లో సాధారణంగా వచ్చే జవాబు ఇది. దీనికి తోకగా మరో మాట కూడా ఉంటుంది: ఊళ్లో మనుషులకే దిక్కు లేదు, కుందేళ్లకు సౌకర్యాలా అని.

ఈ వాదన వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఇందులో కుందేలు ఎక్కడా లేదు. ఉన్నదంతా దాన్ని సాకేవాడి పని సౌలభ్యమే. కడగడానికి తేలికైన ఇనుప జాలీ, లెక్కపెట్టడానికి వీలుగా ఒక్కో బోనులో ఒక్కో కుందేలు, చిందరవందర లేకుండా గుళికల మేత. ఇదంతా పరిశుభ్రత. అవసరమే, కాదనేవారు లేరు. జంతువు బాగుండటం మాత్రం వేరే సంగతి.

కుందేలు దంతాలు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి, ఏడాదికి 10 సెంటీమీటర్లకు పైమాటే. గంటల తరబడి గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి. గుళికలు తినడం కాసేపట్లో అయిపోతుంది. మిగతా రోజంతా ఏం చేయాలి? ఊచలు కొరుకుతుంది. ఒంటి బొచ్చు పీక్కుని మింగుతుంది. కుందేలుకు వాంతి చేసుకునే శక్తి లేదు కాబట్టి మింగినది వెనక్కి రాదు, పీచు అందని పేగులు మందగిస్తాయి. జాలీ మీదే నెలల తరబడి కూర్చుంటే పాదాలు ఒరుసుకుని పుండ్లు పడతాయి. గెంతడానికి పుట్టిన వెనక కాళ్లకు పని లేకపోతే ఎముకలు పలచబడతాయి. అలాంటిదాన్ని సరిగా పట్టుకోకుండా ఎత్తితే, ఒక్కసారి కాళ్లు విదిలించుకున్నా వెన్ను విరగవచ్చు.

మరి ఇవన్నీ సాకేవారికి ఎందుకు కనిపించవు? కుందేలు చెప్పదు కనుక. నొప్పి పుడితే కుక్క మూలుగుతుంది, కుందేలు ఒక మూల ముడుచుకుని కూర్చుంటుంది. వేటాడే జంతువులకు ఆహారమయ్యే ప్రాణి తన బలహీనతను బయటపెట్టుకోదు. చూసేవాడికి అది బుద్ధిగా కూర్చున్నట్టే ఉంటుంది. కళ్లు ఎంత మూసింది, బుగ్గలు, ముక్కుపుటాలు, మీసాలు, చెవులు ఎలా ఉన్నాయి అనే అయిదు గుర్తులతో కుందేలు నొప్పిని అంచనా కట్టే పద్ధతిని 2012లో పరిశోధకులు ప్రచురించారు. పక్క గదిలో డాక్టరు ఉండటం మంచిదే, ఆయనకు ఆ ముఖం చదవడం కూడా వచ్చి ఉండాలి.

ఇక మనుషులకే దిక్కు లేదన్న మాట. కుందేళ్లను పెంచుతున్నదే మనుషుల కోసం. సెలైన్, ఇంజెక్షన్ మందుల్లో జ్వరం తెప్పించే మలినాలు ఉన్నాయేమో తేల్చే పైరోజెన్ పరీక్ష చూడండి. మందును కుందేలుకు ఎక్కించి శరీర ఉష్ణోగ్రత ఎంత పెరిగిందో కొలుస్తారు. ఫలితం ఒక డిగ్రీలో కొన్ని వంతుల తేడా మీద ఆధారపడుతుంది. భయంతోనూ ఒంటి వేడి పెరుగుతుంది. అందుకే అసలు పరీక్షకు ముందు మందు లేకుండా ఉత్తుత్తి పరీక్ష ఒకటి జరిపి, కుందేళ్లను ఆ తతంగానికి అలవాటు చేయాలని ఔషధ ప్రమాణ గ్రంథాలైన ఫార్మకోపియాలే చెబుతాయి. అంటే బెదిరిన కుందేలు తప్పుడు లెక్క ఇస్తుందని ఔషధశాస్త్రం ఎప్పుడో ఒప్పుకుంది. ఆ లెక్క తప్పితే నష్టం ఎక్కించుకునే రోగిదే.

బోనులో గడ్డి, చెక్కముక్క, దాక్కునే పెట్టె పెడితే ఒక్కో జంతువు ఒక్కోలా తయారై ఫలితాలు చెదిరిపోతాయని కొందరు పరిశోధకుల భయం. ఎలుకల మీద మూడు ప్రయోగశాలల్లో దీన్ని పరీక్షించి చూశారు. ఆ ఫలితాలు 2004లో ‘నేచర్’ పత్రికలో వచ్చాయి. బోనును సుసంపన్నం చేసినందువల్ల లెక్కల్లో చెదురు పెరగలేదు. కుందేళ్ల సంగతి వేరని ఎవరైనా అంటే, వేరని చూపించే బాధ్యత వారిదే. పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటే కుదరదు.

కలిపి ఉంచితే కొట్టుకుంటాయన్న అభ్యంతరంలో మాత్రం నిజముంది. ఈడొచ్చిన మగ కుందేళ్లు తీవ్రంగానే గాయపరుచుకుంటాయి. అందుకని అన్నింటికీ ఏకాంత శిక్ష ఎందుకు? ఒక ఈతలో పుట్టిన ఆడ కుందేళ్లు చాలావరకు కలిసిమెలిసి ఉంటాయి. విడిగా ఉంచక తప్పని వాటికి పక్కవాటి వాసన, చూపు అందేలా ఏర్పాటు చేయవచ్చు. ఐరోపా యూనియన్ 2010 నాటి ఆదేశం మూడు నుంచి అయిదు కిలోల కుందేలుకు, లేదా పొసగే జంటకు, కనీసం 4,200 చదరపు సెంటీమీటర్ల నేల, 45 సెంటీమీటర్ల ఎత్తు, పైకెక్కి కూర్చోవడానికి ఒక అరుగు ఉండాలంటుంది. నిజానికి ఆ ఎత్తు కూడా చాలదు. ఎదిగిన న్యూజిలాండ్ వైట్ జాతి కుందేలు వెనక కాళ్ల మీద నిలబడితే చెవులు కప్పుకు తగులుతాయి.

మన దగ్గర బోను కొలతలకన్నా పెద్ద సమస్య ఎండ. ప్రయోగ జంతువుల గదిలో 18 నుంచి 29 డిగ్రీలు ఉండాలని జంతు ప్రయోగాలను పర్యవేక్షించే మన కేంద్ర కమిటీ మార్గదర్శకాలు చెబుతాయి. తెలంగాణలోని జగిత్యాల, కోరుట్లలో మే నెల ఎండ 45 దాటడం కొత్త కాదు. కుందేలుకు చెమట పట్టదు, ఒంట్లో వేడిని ఎక్కువగా చెవుల గుండానే వదులుకోవాలి. కరెంటు పోయి ఏసీ ఆగిన ఒక్క మధ్యాహ్నం చాలు, గది నిండా శవాలు మిగలడానికి. సిరిసిల్లలో దీనికి చప్పుడు తోడవుతుంది. మరమగ్గాల షెడ్ల పక్కన మనుషులే గొంతు పెంచి మాట్లాడుకుంటారు. మన చెవికి అందని పై స్థాయి ధ్వనులు కూడా కుందేలుకు వినిపిస్తాయి. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఇలాంటిచోట ఎక్కడైనా జంతుగృహానికి ప్లాను గీసేటప్పుడు జనరేటరు, గోడల మందం, మగ్గాలకు ఎంత దూరం అన్నవి మొదటి కాగితం మీదే ఉండాలి.

ఖర్చు సాకు నిలబడదు. ఈ జిల్లాల్లో ఎక్కడ చూసినా వరి. కోతలయ్యాక గడ్డిని పొలాల్లోనే తగలబెడుతున్నారు. వరిగడ్డిలో పోషకాలు తక్కువే, దాన్నే మేతగా పెట్టకూడదు. మందుల అవశేషాలు లేని శుభ్రమైన గడ్డిని నమలడానికి, దూరి దాక్కోవడానికి గుప్పెడు వేయడానికి ఏం అడ్డు? వడ్రంగి చేసిన చెక్కపెట్టె, మల్బరీ కొమ్మ, వెదురుముక్క కొనలేని సంస్థకు కుందేళ్లను పెంచే అర్హత ఉందా అన్నదే అసలు ప్రశ్న.

అసలు అక్కర్లేని చోట పెంచడమే మానేయాలి. సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్ని భారత్ 2014లోనే నిషేధించింది. కుందేలు కంటి మీద మందుల ప్రభావం లాంటి ప్రయోగాలను సాఫ్ట్‌వేర్, వీడియోలతోనే చూపాలని ఫార్మసీ కౌన్సిల్ బి.ఫార్మసీ పాఠ్యప్రణాళికలోనే రాసింది. ఐరోపా ఫార్మకోపియా పైరోజెన్ పరీక్ష నుంచి కుందేలును తప్పించే నిర్ణయం 2024లో తీసుకుంది. ఎటూ చచ్చేవే కదా అనేవారు ఒకటి మరిచిపోతున్నారు. ప్రయోగాల తగ్గింపు, ప్రత్యామ్నాయం, మెరుగుదల అని ప్రపంచం 1959 నుంచి చెప్పుకుంటున్న మూడు సూత్రాలకు, ప్రయోగం అయ్యాక జంతువుకు పునరావాసం కల్పించాలనే నాలుగోదాన్ని చేర్చింది భారతదేశమే.

చట్టం ప్రకారం ప్రయోగాలు జరిపే ప్రతి సంస్థకూ జంతు నైతిక కమిటీ ఉండాలి. అందులో శాస్త్రవేత్త కాని, సామాజిక స్పృహ ఉన్న సభ్యులు ఒకరు తప్పనిసరి. ఊరి టీచరో, లాయరో, రిటైరైన ఉద్యోగో ఆ కుర్చీలో కూర్చుంటారు. వారికి ఒక్క విన్నపం. ఫైలు మీద సంతకం పెట్టే ముందు ఆ గదిలోకి వెళ్లి చూడండి. మీటింగు పెట్టిన మధ్యాహ్నం పూట కాదు, అప్పుడు ఏ కుందేలైనా కునుకు తీస్తూనే ఉంటుంది. సందెవేళ అది మేల్కొనే సమయానికి వెళ్లి, గెంతడానికి చోటుందో లేదో, ఊచలు కొరుకుతోందో గడ్డి నములుతోందో మీ కళ్లతో చూసి అప్పుడు సంతకం చేయండి.